మన ఆచారం మన నోటనే పలకాలి: వకీలు లేకుండా ఫ్యామిలీ కోర్టుకు పోయేవాళ్ల కోసం



పోడు పట్టా గురించి మాట్లాడమంటే మన పిల్లలు గంటసేపు ఆగకుండా మాట్లాడతారు. 1/70, పీసా, 2006 అటవీ హక్కుల చట్టం అన్నీ నోటికొచ్చు. అదే పిల్లల్ని, వాడలో ఒక అక్కను మొగుడు వదిలేసి పోయిండు, ఏం చేద్దామని అడిగితే మాత్రం "పెద్దమనుషులు చూసుకుంటారులే" అని పక్కకు జరుగుతారు. భూమి మీద హక్కు హక్కే. మరి ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని పుట్టింటికొచ్చిన ఆడమనిషి తిండి హక్కు హక్కు కాదా?

తిరుమలాయపాలెం తండాలు మొదలుకొని అటు భద్రాచలం అడవి అంచు గూడేల దాకా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఎక్కడ చూసినా కథ ఒకటే. పంచాయితీ కూర్చుంటుంది, కాయితం రాస్తారు, ఆరు నెలలకు ఆ కాయితానికి విలువ పోతుంది. అప్పుడు ఎవరో "కోర్టుకు పో" అంటారు. ఆ అక్క అడిగే మొదటి ప్రశ్న "వకీలుకు పైసలెక్కడియ్?" మిరపకాయ ఏరే రోజుల్లో ఒక వాయిదాకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. వకీలు ఫీజు దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. కేసే పడదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫ్యామిలీ కోర్టులో వకీలు లేకుండా నిలబడటం దిక్కులేనితనం కాదు, చట్టం ఇచ్చిన దారి. కానీ ఆ దారిలో ఆదివాసీ బిడ్డ వట్టి చేతులతో పోకూడదు. ఎందుకంటే మన కేసుల్లో అసలు సంగతి మన ఆచారం. అది వకీలు పుస్తకంలో ఉండదు, మన దగ్గరే ఉంది. మనం నోరు విప్పకపోతే కోర్టుకు తెలిసే మార్గం లేదు.

చట్టం ఏమంటుంది

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. అంతకు పదేళ్ల ముందే, 1974లో, లా కమిషన్ 59వ నివేదిక ఒక మాట చెప్పింది: మొగుడూపెళ్లాల తగాదాను భూమి తగాదాలాగా నడపొద్దు, వేరే పద్ధతి కావాలి అని. మహిళా సంఘాలు కూడా అదే అడిగాయి. అందుకే ఈ చట్టంలో సెక్షన్ 13 పెట్టారు. ఫ్యామిలీ కోర్టులో వకీలును పెట్టుకోవడం ఏ పక్షానికీ హక్కుగా రాదు. జడ్జి అనుమతిస్తేనే వకీలు మాట్లాడాలి. చట్టం తెలిసినవాళ్ల సాయం అవసరమనిపిస్తే కోర్టే ఒకరిని పిలిపించుకోవచ్చు, దాన్ని అమికస్ క్యూరీ అంటారు.

అంటే చట్టం లెక్కన ఆ కోర్టులో మొదట మాట్లాడాల్సింది భార్య, భర్త. కానీ జరిగేది వేరే. ఒక మెమో వేసి వకీళ్లు మామూలుగానే వస్తున్నారు. పైసలున్న పక్షానికి నల్లకోటు ఉంటుంది, పైసలు లేని పక్షం ఒంటరిగా నిలబడుతుంది. సమానంగా ఉండాలని పెట్టిన సెక్షన్ ఇట్లా ఒకవైపే ఒరిగింది. కాబట్టి ఎదుటివాళ్లకు వకీలు ఉండి నీకు లేకపోతే, మొదటి వాయిదాలోనే లేచి చెప్పు: "అయ్యా, వాళ్లకు వకీలు ఉన్నారు, నాకు లేరు. నాకు అమికస్‌నైనా ఇప్పించండి, లీగల్ ఎయిడ్ వకీలునైనా ఇప్పించండి." ఇది బతిమాలుకోవడం కాదు.

"మీకు ఏ చట్టం వర్తిస్తుంది?"

మన కేసుల్లో మొదటి మెలిక ఇక్కడే. హిందూ వివాహ చట్టం, 1955, సెక్షన్ 2(2) చూడండి. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం వర్తించదు అని ఉంది. మనం షెడ్యూల్డ్ ఏరియా గీతకు లోపలున్నామా బయటున్నామా అన్నదానితో దీనికి పని లేదు. ఇది మనిషి తెగను బట్టి వచ్చేది, ఊరిని బట్టి కాదు.

అయినా చాలా పిటిషన్లు అందరికీ టైపు చేసినట్టే మనోళ్లకూ "హిందూ వివాహ చట్టం సెక్షన్ 13 కింద విడాకులు" అని టైపై వస్తాయి. ఎదుటి పక్షం "మేము ఎస్టీలం, ఈ చట్టం మాకు చెల్లదు" అన్న రోజు రెండు మూడేళ్ల తిరుగుడు నీళ్లపాలవుతుంది.

2001లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన సూరజ్‌మణి స్టెల్లా కుజూర్ కేసు మనం అందరం తెలుసుకోవాలి. ఆమె ఒరావ్ తెగ, భర్త సంతాల్. భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని ఆమె కేసు పెట్టింది. కోర్టు ఏమన్నది? మీరు ఎస్టీలు, హిందూ వివాహ చట్టం మీకు లేదు. మీ ఆచారం ప్రకారం రెండో పెళ్లి చెల్లదంటున్నారు, సరే, ఆ ఆచారం ఉందని మీరు ఫిర్యాదులో రాయలేదు, రుజువూ చేయలేదు. కేసు పోయింది. ఆమె చదువుకున్న మనిషి, కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. అయినా ఓడింది, ఆచారం కాయితం మీదికి, సాక్షి నోటికి రాకపోవడం వల్ల.

2021లో ఢిల్లీ హైకోర్టు సత్‌ప్రకాశ్ మీనా కేసులో ఇంకో దారిలో పోయింది. ఇద్దరూ మీనా తెగవాళ్లే. కానీ పెళ్లి హిందూ పద్ధతిలో జరిగిందని తేలింది కాబట్టి హిందూ వివాహ చట్టం వర్తిస్తుందన్నది.

ఈ రెండు తీర్పులూ కలిపి చదివితే ఒక సంగతి తేలుతుంది. మన పెళ్లి ఎట్లా జరిగింది, ఎవరు చేశారు, ఏ తంతు నడిచింది అన్నదాని మీదే కేసు నిలబడుతుంది. ఇయ్యాల మన పెళ్లిళ్లలో కొన్నిచోట్ల పంతులు కూడా వస్తున్నాడు, మండపం కూడా వేస్తున్నారు. కొన్నిచోట్ల పాత పద్ధతే నడుస్తోంది. నీ పెళ్లిలో ఏం జరిగిందో నీకు తెలిసినంత ఏ వకీలుకు తెలుస్తుంది? అది దాచకుండా, కల్పించకుండా చెప్పాల్సింది నువ్వే.

ఆచారం ప్రకారం విడిపోయినవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. ఫలానా మనిషి వివాహ హోదా ఇదీ అని తేల్చి చెప్పే అధికారం ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 7 కింద ఆ కోర్టుకు ఉంది. "మా ఆచారం ప్రకారం పెద్దల ముందు విడాకులయ్యాయి, అది చెల్లుతుందని ప్రకటించండి" అని అడగొచ్చు. ఏజెన్సీలో సివిల్ తగాదాలకు వేరే కోర్టుల పద్ధతి బ్రిటిష్ కాలం నుంచి ఉంది కాబట్టి, భద్రాచలం వైపు వాళ్లు ఇలాంటి పిటిషన్ ఏ కోర్టులో వేయాలో ముందే లీగల్ సర్వీసెస్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

ముందు తిండి సంగతి చూసుకో

విడాకుల చర్చ ఏళ్లు పట్టొచ్చు. పిల్లల ఆకలి ఆగదు. భరణం కేసుకు తెగతో, మతంతో పని లేదు. పాత సీఆర్‌పీసీ సెక్షన్ 125 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144 అయింది, 2024 జూలై 1 నుంచి. కోయ, కొండరెడ్డి, లంబాడీ, ఎవరికైనా ఇదే.

దీంట్లో గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నువ్వు పుట్టింట్లో ఉంటే ఆ ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో అక్కడే వేయొచ్చు, మొగుడి ఊరికి తిరగాల్సిన పని లేదు. కేసు తేలేదాకా మధ్యంతర భరణం అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో ఆ దరఖాస్తు తేల్చడానికి చూడాలని చట్టంలోనే ఉంది. విడాకులైన ఆడమనిషి మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు ఆమె కూడా "భార్య" కిందికే వస్తుంది. కాబట్టి "కులపంచాయితీలో తెగదెంపులయ్యాయి, ఇంక నీకేం లేదు" అంటే నమ్మొద్దు. ఆర్డర్ వచ్చాక కూడా ఇవ్వకపోతే, బాకీ పడిన ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలి. ఏడాది దాటితే ఆ బాకీని ఈ దారిలో వసూలు చేసుకునే వీలుండదు.

2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మేలు చేసింది. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలన్నది. ఇద్దరూ ఆస్తి, ఆదాయం వివరాలు అఫిడవిట్‌లో ఇవ్వాలన్నది. వ్యవసాయం మీద బతికేవాళ్లకు ఆ అఫిడవిట్ నమూనా వేరే ఉంది. మొగుడు "నాకేం లేదు" అంటే ఎన్ని ఎకరాలు, ఏం పంట, ఎవరి పేరు మీద అని అడిగే అవకాశం అక్కడే దొరుకుతుంది.

దెబ్బలు, బెదిరింపులు ఉంటే 2005 గృహహింస చట్టం ఉంది. ఇంట్లోంచి గెంటేయకుండా ఆపే ఆర్డర్ దాని కింద అడగొచ్చు. అది మామూలుగా మేజిస్ట్రేట్ దగ్గర పడే కేసు. అయినా సెక్షన్ 26 ప్రకారం ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్న కేసులో కూడా ఆ ఉపశమనాలు కోరవచ్చు.

సంచిలో ఏం పెట్టుకుపోవాలి

"మా పెళ్లికి కాయితం లేదు" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. భరణం కేసులో పెళ్లిని కచ్చితమైన రుజువుతో నిరూపించాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2018లో కమల కేసులో మళ్లీ చెప్పింది. పైగా ఫ్యామిలీ కోర్టు చట్టం సెక్షన్ 14 కింద, మామూలు సాక్ష్య చట్టం ఒప్పుకోని కాయితాన్ని కూడా తగాదా తేల్చడానికి పనికొస్తుందనుకుంటే జడ్జి తీసుకోవచ్చు.

ఇంక చూడండి, మన ఇళ్లల్లో ఎన్ని కాయితాలున్నాయో. 2014లో మొదలైన కల్యాణలక్ష్మి దరఖాస్తులో పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఆధార్‌లు, పెళ్లి వివరాలు ఉంటాయి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. ఆ పట్టా పెళ్లికి ఆధారం, భూమిలో నీ వాటాకు కూడా ఆధారం. ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్, బడిలో తండ్రి పేరు రాసిన కాయితం, పెళ్లి ఫోటోలు, ఫోన్‌లో మెసేజ్‌లు అన్నీ జిరాక్స్ తీసి తేదీల వరసలో పెట్టుకో. ఒరిజినల్ చేతిలో ఉంచుకుని కాపీ ఇవ్వు. కుల ధ్రువీకరణ పత్రం మర్చిపోవద్దు, సెక్షన్ 2(2) మాట వచ్చినప్పుడు అదే కావాలి.

ఆ తర్వాత మనుషులు. ఆచారం ఉందా లేదా అన్న విషయంలో, దాని గురించి తెలిసి ఉండగల పెద్దల అభిప్రాయాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. పాత ఎవిడెన్స్ చట్టంలో అది ఉంది, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఉంది. కోయ గూడెంలో పటేల్, వడ్డె, లంబాడీ తండాలో నాయక్, కార్బారి, ఇంకా పెళ్లి చేసిన ముసలమ్మలు, వీళ్లే మన సాక్షులు. "మాలో ఇట్లానే జరుగుతది" అంటే సరిపోదు. ఎప్పటి నుంచి జరుగుతోంది, ఎవరెవరి ఇంట్లో ఇట్లా జరిగింది, ఓలి ఎవరు ఎవరికిచ్చారు, విడిపోతే ఏం తిరిగిచ్చారు, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు అని ఉదాహరణలతో చెప్పాలి. చాలాకాలంగా, ఒకే తీరుగా, న్యాయానికి విరుద్ధం కాకుండా నడిచినదాన్నే కోర్టు ఆచారం అని ఒప్పుకుంటుంది.

పిలుపు వచ్చినప్పుడు

పేరు పిలిచినప్పుడు లేకపోతే కేసు కొట్టేయొచ్చు, లేదా నువ్వు లేకుండానే ఆర్డర్ రావచ్చు. ఈకోర్ట్స్ యాప్‌లో 16 అంకెల సీఎన్ఆర్ నంబరు కొడితే తర్వాతి వాయిదా తెలుస్తుంది. ఇంట్లో డిగ్రీ చదివే తమ్ముడు ఉంటే ఈ పని వాడిది.

జడ్జి ముందు పెద్ద మాటలు అక్కర్లేదు. ఏం జరిగింది, ఎప్పుడు, నాకేం కావాలి, ఈ మూడూ ఒక పేజీలో రాసుకుని పో. "నెలకు ఇంత కావాలి, ఎందుకంటే బియ్యానికి ఇంత, పిల్లల బడికి ఇంత, మందులకు ఇంత" అని లెక్క చెప్పు. క్రాస్‌లో ఎదుటి వకీలు కోపం తెప్పించడానికే అడుగుతాడు. అర్థం కాకపోతే అర్థం కాలేదను, తెలియకపోతే తెలియదను. ఇంగ్లిష్ అర్థం కాకపోతే తెలుగులో చెప్పమను. ముసలమ్మకు కోయ భాషో లంబాడీయో తప్ప రాకపోతే తర్జుమా చేసే మనిషిని ఇప్పించమని అడుగు. నలుగురి ముందు చెప్పుకోలేని మాట ఉంటే తలుపులు మూసి విచారణ చేయమని అడగొచ్చు, సెక్షన్ 11 ప్రకారం ఒక పక్షం కోరితే అట్లా చేయాలి. నువ్వు చెప్పినదాని సారాంశం జడ్జి రాయించి నీ సంతకం తీసుకుంటారు. చదివి వినిపించమని అడిగి, విన్నాకే వేలిముద్ర వెయ్యి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది రాజీ దగ్గర. రాజీకి ప్రయత్నం చేయడం కోర్టు బాధ్యత, సెక్షన్ 9లో ఉంది. అది మంచిదే. కానీ "సర్దుకుపో అమ్మా, ఇక్కడ పెట్టు" అన్న చోటల్లా సంతకం పెట్టకు. లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్న డిక్రీకీ అప్పీలు ఉండదు. ఊళ్లో పంచాయితీ కాయితంలో "ఇష్టపూర్వకంగా విడిపోయాం, ఇంక ఏమీ అడగను" అని ఒక వాక్యం ఉంటుంది చూడు, రేపు భరణం కేసులో ఎదుటి వకీలు మొదట తీసేది ఆ కాయితమే. ఒక రోజు టైమ్ అడిగి, ఇంటికి తీసుకుపోయి, చదివించుకుని రా.

ఉచిత వకీలు భిక్ష కాదు

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. వకీలు వద్దని నేను అనడం లేదు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 కింద ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. ఖమ్మంలో, కొత్తగూడెంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. 15100 కు ఫోన్ చేయొచ్చు. ఇచ్చిన వకీలు వాయిదాకు రాకపోతే, మాట వినకపోతే, మార్చమని రాసి ఇవ్వొచ్చు. దరఖాస్తు రాయడానికి, సెక్షన్ సరిచూడటానికి వకీలు సాయం తీసుకుని, నీ బతుకు సంగతి నువ్వే చెప్పుకో. రెండూ కలిసి నడవొచ్చు.

"మన తగాదాలు కోర్టుకెక్కిస్తే మన పెద్దరికం ఏమవ్వాలి?" అని అడిగే పెద్దలున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో తగాదాలు తీర్చుకునే మన పద్ధతిని కాపాడుకునే అధికారం 1996 పీసా చట్టమే గ్రామసభకు ఇచ్చింది. దాన్ని వదులుకోవాలని ఎవరూ అనడం లేదు. కానీ ఒకటి అడగాలి. పంచాయితీలో ఆడమనిషిని కూర్చోబెట్టి మాట్లాడనిస్తున్నామా? ఆచారం అంటే మగ పెద్దలు ఆ రోజు చెప్పిందేనా? రాయని ఆచారాన్ని బలమున్నవాడు తన వైపు వంచుకుంటాడు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం రుజువు కాలేదు కాబట్టి వాటా ఇవ్వాల్సిందే అన్నది. ఆచారం పేరు చెప్పి ఆడబిడ్డ నోరు మూయించే రోజులు పోతున్నాయి. అది మన పెద్దరికానికి చేటు కాదు, దానికి బలం.

అందుకే యువతకు పని చెప్తున్నా. ప్రతి గూడెంలో, తండాలో ఇద్దరు ముగ్గురు కూర్చుని పెళ్లి, ఓలి, విడాకులు, మారుమనువు, పిల్లల పెంపకం, ఇవి మనలో ఎట్లా నడుస్తున్నాయో పెద్దల నోట విని రాయండి. ముసలమ్మల్ని తప్పకుండా అడగండి. తేదీ, పేర్లు, ఊరు వేయండి. గ్రామసభలో చదివి వినిపించండి, సంతకాలు తీసుకోండి. రేపు ఎవరికైనా కోర్టులో అది పునాది అవుతుంది. రెండోది, వాయిదా రోజు ఎవరినీ ఒంటరిగా పంపకండి. వాళ్ల బదులు మీరు మాట్లాడలేకపోవచ్చు. కానీ బస్సులో పక్కన కూర్చోవచ్చు, ఫైలు పట్టుకోవచ్చు, పిల్లను ఎత్తుకోవచ్చు, వరండాలో నిలబడొచ్చు.

అడవి మీద మన హక్కును మన తాతలు వకీళ్లను పెట్టి తెచ్చుకోలేదు, నిలబడి మాట్లాడి తెచ్చుకున్నారు. ఇంట్లో హక్కు కూడా అట్లానే వస్తుంది. చట్టం ఎంతవరకు ఉందో తెలుసుకుందాం, కాయితాలు సర్దుకుందాం, మన ఆచారాన్ని మనమే చెప్పుకుందాం.

జోహార్.